కొత్త హార్డ్ డిస్కును కంప్యూటరు గుర్తించకపోవడం

కొత్తగా కొన్న హార్డ్ డిస్కును అమర్చిన తరువాత అది కంప్యూటరులో కనిపించకపోవడం తరచుగా ఎదురయ్యే సమస్య. డిస్కు పాడైనదే వచ్చిందని చాలామంది వెంటనే నిర్ణయానికి వస్తారు. అయితే తీగ సరిగా కూర్చోకపోవడం, బయాస్ అమరికలు, పాత మదర్‌బోర్డు పరిమితులు, డిస్కును ఇంకా విభజించి ఫార్మాట్ చేయకపోవడం వంటి కారణాల వలన చక్కగా పనిచేసే డిస్కు కూడా కనిపించదు. కనుక డిస్కు ఏ దశలో ఆగిపోయినదో ముందుగా తెలుసుకొనవలెను. ఆ దశను బట్టి పరిష్కారం మారుతుంది. కంప్యూటరు దుకాణాలు, సర్వీసు కేంద్రాలు దూరంగా ఉండే ఖమ్మం - భద్రాచలం అటవీ సరిహద్దు వంటి ప్రాంతాలలో ఈ పరిజ్ఞానం వలన అనవసర ప్రయాణాలు తప్పుతాయి. అంతకంటే ముఖ్యంగా, పాత డిస్కులోని దత్తాంశం పొరపాటున చెరిగిపోయే ప్రమాదం తప్పుతుంది.

నేపథ్యం

మొట్టమొదటి హార్డ్ డిస్కును ఐ.బి.ఎం. సంస్థ 1956లో ర్యామాక్ అను కంప్యూటరుతో పాటు విడుదల చేసింది. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్ళేలతో ఉన్న ఆ పరికరంలో సుమారు 50 లక్షల అక్షరాలు మాత్రమే పట్టేవి. నేటి డిస్కులు అరచేతిలో ఇమిడిపోతూ అనేక టెరాబైట్ల దత్తాంశాన్ని నిల్వ చేస్తాయి. పరిమాణం పెరిగిన ప్రతిసారీ పాత కంప్యూటర్లు కొత్త డిస్కులను పూర్తిగా గుర్తించలేకపోవడం ఈ చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

గుర్తింపు దశలు

కంప్యూటరు ఒక డిస్కును ఈ క్రింది నాలుగు దశలలో గుర్తిస్తుంది.

1. డిస్కుకు విద్యుత్తు అంది, దానిలోని మోటారు తిరగడం మొదలవుతుంది.
2. మదర్‌బోర్డుపై గల బయాస్ (కొత్త యంత్రాలలో యు.ఇ.ఎఫ్.ఐ.) డిస్కును పలకరించి, దాని మోడలు పేరును, పరిమాణాన్ని తెలుసుకుంటుంది.
3. ఆపరేటింగు సిస్టము తగిన డ్రైవరు సహాయంతో డిస్కును ఒక పరికరంగా నమోదు చేసుకుంటుంది.
4. డిస్కుపై గల విభజనల పట్టికను, ఫైలు వ్యవస్థను చదివి, ఒక డ్రైవు అక్షరంతో వాడుకరికి చూపిస్తుంది.

వాడుకరికి సాధారణంగా నాలుగవ దశ మాత్రమే కనిపిస్తుంది. అందువలన ఏ దశలో లోపం ఉన్నా "డిస్కు కనిపించడం లేదు" అన్న ఒకే ఫలితం వస్తుంది. పరిశీలన ఎల్లప్పుడూ మొదటి దశ నుండి వరుసగా సాగవలెను. బయాస్‌లోనే కనిపించని డిస్కును విండోస్‌లో వెదకడం వృథా. బయాస్‌లో కనిపించిన డిస్కు విషయంలో తీగలను అనుమానించవలసిన అవసరం తక్కువ.

తొలి జాగ్రత్తలు

* కంప్యూటరు పెట్టెను తెరిచే ముందు దానిని ఆపి, విద్యుత్తు ప్లగ్గును పూర్తిగా తీసివేయవలెను.
* చేతిలోని స్థిర విద్యుత్తు పోవుటకు పెట్టె యొక్క రంగు లేని లోహ భాగాన్ని ఒకసారి తాకవలెను. చలికాలంలో, పొడి వాతావరణంలో ఇది మరింత అవసరం.
* కంప్యూటరులో అప్పటికే ఉన్న ముఖ్యమైన ఫైళ్ళకు నకలు తీసి వేరేచోట ఉంచవలెను.
* పాత డిస్కు, కొత్త డిస్కుల మోడలు సంఖ్యలను, పరిమాణాలను కాగితంపై వ్రాసుకొనవలెను. చివరి దశలో ఏది కొత్తదో నిశ్చయంగా తెలుసుకొనుటకు ఇదే ఆధారం.

విద్యుత్తు, తీగలు

కంప్యూటరును ఆన్ చేసిన తరువాత డిస్కుపై వేలు ఆనిస్తే సన్నని కంపనం తెలియవలెను. కంపనం లేదంటే చాలావరకు విద్యుత్తు అందడం లేదని అర్థం. డెస్క్‌టాపులలో వాడే 3.5 అంగుళాల డిస్కులకు 5 వోల్టులు, 12 వోల్టులు రెండూ కావలెను. ఇందులో 12 వోల్టులు మోటారుకు, 5 వోల్టులు ఎలక్ట్రానిక్ భాగాలకు వెళ్తాయి. ల్యాప్‌టాపులలో వాడే 2.5 అంగుళాల డిస్కులకు 5 వోల్టులు సరిపోతాయి. ఎస్.ఎం.పి.ఎస్. నుండి వచ్చే మరొక విద్యుత్తు తీగను తగిలించి చూడడం మొదటి పరీక్ష. కదిలే భాగాలు లేని ఎస్.ఎస్.డి.లకు ఈ కంపన పరీక్ష వర్తించదు.

పాటా డిస్కులు

పాత కంప్యూటర్లలో ఐ.డి.ఇ. లేదా పాటా అనబడే వెడల్పాటి 40 పిన్నుల తీగ ఉంటుంది. ఒకే తీగపై రెండు డిస్కులు అమర్చవచ్చును. వాటిలో ఒకటి మాస్టరుగా, రెండవది స్లేవుగా ఉండవలెను. డిస్కు వెనుక ఉండే జంపరు అను చిన్న మూతతో దీనిని నిర్ణయిస్తారు. రెండు డిస్కులూ మాస్టరుగా ఉంటే ఒకటి గాని, రెండూ గాని కనిపించవు. 80 సన్నని తీగలు గల పట్టీలో నీలం కొన మదర్‌బోర్డుకు, నలుపు కొన మాస్టరుకు, మధ్యలోని బూడిదరంగు కొన స్లేవుకు చెందుతాయి. కొన్ని పాత డిస్కులలో పరిమాణాన్ని 32 గిగాబైట్లకు కుదించే జంపరు కూడా ఉంటుంది. అది పొరపాటున ఉండిపోతే పెద్ద డిస్కు కూడా చిన్నదిగా కనిపిస్తుంది.

సాటా డిస్కులు

2003 నుండి వాడుకలోకి వచ్చిన సాటా పద్ధతిలో దత్తాంశానికి 7 పిన్నుల తీగ, విద్యుత్తుకు 15 పిన్నుల తీగ వాడతారు. ఒక్కొక్క తీగకు ఒకే డిస్కు ఉంటుంది కనుక మాస్టరు, స్లేవు ప్రసక్తి లేదు. సాటా తీగ సులభంగా వదులవుతుంది. దానిని తీసి గట్టిగా అమర్చడం, వేరొక తీగతో ప్రయత్నించడం, మదర్‌బోర్డుపై వేరొక పోర్టుకు మార్చడం అను మూడు పనులను ఈ వరుసలో చేయవలెను. ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేస్తే లోపం ఎక్కడిదో స్పష్టమవుతుంది.

మొదటి తరం సాటా వేగం సెకనుకు 1.5 గిగాబిట్లు కాగా, తరువాతి తరాల వేగాలు 3, 6 గిగాబిట్లు. సాధారణంగా కొత్త డిస్కు పాత పోర్టుకు అనుగుణంగా తన వేగాన్ని తగ్గించుకుంటుంది. కానీ వయా సంస్థ తయారుచేసిన వి.టి. 8237 వంటి కొన్ని పాత చిప్‌సెట్లతో ఈ సర్దుబాటు జరగదు. అటువంటి సందర్భాలకై కొన్ని డిస్కులలో వేగాన్ని 1.5 గిగాబిట్లకు పరిమితం చేసే జంపరు ఉంటుంది.

మూడవ పిన్ను సమస్య

2016లో వెలువడిన సాటా 3.3 ప్రమాణంలో విద్యుత్తు తీగ యొక్క మూడవ పిన్నుకు కొత్త పని అప్పగించారు. ఆ పిన్నుపై 3.3 వోల్టులు ఉన్నంతసేపు, ఈ సదుపాయం గల డిస్కు ఆగిపోయి ఉంటుంది. పాత ఎస్.ఎం.పి.ఎస్.లు ఆ పిన్నుకు ఎల్లప్పుడూ 3.3 వోల్టులు పంపుతాయి. ఫలితంగా డిస్కు అసలు తిరగదు, చచ్చిపోయినట్లు కనిపిస్తుంది. సర్వర్ల కొరకు తయారైన పెద్ద డిస్కులలో, బయటి డిస్కుల పెట్టెల నుండి విడదీసిన డిస్కులలో ఈ పరిస్థితి ఎక్కువ. పాత 4 పిన్నుల విద్యుత్తు కొన నుండి సాటాకు మార్చే మంచి అడాప్టరును వాడితే 3.3 వోల్టులు అందవు కనుక డిస్కు తిరుగుతుంది.

ఎం.2 ఎస్.ఎస్.డి.లు

ఎం.2 ఆకారంలో వచ్చే ఎస్.ఎస్.డి.లలో సాటా, ఎన్.వి.ఎం.ఇ. అను రెండు రకాలు కలవు. రెండూ చూడడానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కొన్ని మదర్‌బోర్డుల ఎం.2 స్థానాలు వీటిలో ఒక రకాన్ని మాత్రమే స్వీకరిస్తాయి. కొనుటకు ముందే మదర్‌బోర్డు పుస్తకాన్ని చూడడం మేలు. కొన్ని బోర్డులలో ఎం.2 స్థానాన్ని వాడినప్పుడు ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానివేస్తాయి. ఎస్.ఎస్.డి. అమర్చగానే పాత హార్డ్ డిస్కు మాయమైతే దాని తీగను మరొక పోర్టుకు మార్చవలెను.

బయాస్ స్థాయిలో పరిశీలన

కంప్యూటరు మొదలయ్యే సమయంలో డిలీట్ లేదా ఎఫ్2 మీట నొక్కితే బయాస్ తెర వస్తుంది. కొన్ని యంత్రాలలో ఎఫ్1, ఎఫ్10 మీటలు వాడతారు. ఇక్కడ డిస్కు మోడలు పేరు కనిపించినచో తీగలు, విద్యుత్తు సరిగా ఉన్నట్లే. కనిపించనిచో ఆ సాటా పోర్టు నిలిపివేయబడి ఉన్నదేమో చూడవలెను. బయాస్‌ను కొత్త సంచికకు మార్చడం కూడా కొన్నిసార్లు ఫలిస్తుంది. కానీ ఆ పని మధ్యలో విద్యుత్తు పోతే మదర్‌బోర్డే పనికిరాకుండా పోవచ్చును. యు.పి.ఎస్. లేకుండా దానికి పూనుకోరాదు.

బయాస్‌లో సాటా పద్ధతిని ఐ.డి.ఇ., ఎ.హెచ్.సి.ఐ., రెయిడ్ అని ఎంచుకొనే అమరిక ఉంటుంది. పాత డిస్కులోని విండోస్ ఒక పద్ధతిలో స్థాపించబడి ఉండగా దీనిని మార్చితే ఆ విండోస్ మొదలుకాకపోవచ్చును. కనుక పాత విలువను వ్రాసుకొన్న తరువాతనే మార్పు చేయవలెను.

పరిమాణపు హద్దులు

డిస్కుపై ఒక్కొక్క గడికి (సెక్టారుకు) ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య వ్రాయుటకు కేటాయించిన బిట్లను బట్టి గరిష్ఠ పరిమాణం నిర్ణయమవుతుంది. ముఖ్యమైన హద్దులు ఇవి.

* 137 గిగాబైట్లు: 28 బిట్ల చిరునామా వలన ఏర్పడిన హద్దు. తరువాత 48 బిట్ల చిరునామా వచ్చింది. విండోస్ ఎక్స్‌పి.కి ఈ సదుపాయం 2002లో వచ్చిన మొదటి సర్వీసు ప్యాక్‌తో లభించింది.
* 2.2 టెరాబైట్లు: ఎం.బి.ఆర్. అను పాత విభజనల పట్టికలో 32 బిట్ల సంఖ్యలు, 512 బైట్ల సెక్టార్లు వాడడం వలన ఏర్పడిన హద్దు. దీనిని దాటుటకు జి.పి.టి. అను కొత్త పట్టిక అవసరం.

ఆపరేటింగు సిస్టము స్థాయిలో పరిశీలన

బయాస్‌లో కనిపించి, విండోస్‌లో కనిపించని కొత్త డిస్కుకు సాధారణంగా ఏ లోపమూ ఉండదు. లోపల అమర్చుకొనే డిస్కులు చాలావరకు ఖాళీగా, విభజనల పట్టిక లేకుండా అమ్ముడవుతాయి. గీతలు గీయని కొత్త ఖాతా పుస్తకం వంటివి అవి. గీతలు గీసే పని వాడుకరిదే.

విండోస్

"మై కంప్యూటర్" లేదా "దిస్ పి.సి." గుర్తుపై మౌసు కుడి మీట నొక్కి, "మేనేజ్" ఎంచుకొని, "డిస్క్ మేనేజ్‌మెంట్" తెరవవలెను. అక్కడ డిస్కు ఈ స్థితులలో ఒకదానిలో కనిపించవచ్చును.

* నాట్ ఇనిషియలైజ్డ్: విభజనల పట్టిక లేదు. కొత్త డిస్కు అయితే ఇనిషియలైజ్ చేయవలెను.
* అన్‌ఎలొకేటెడ్: పట్టిక ఉన్నది కానీ విభజన లేదు. కొత్త విభజన సృష్టించి ఎన్.టి.ఎఫ్.ఎస్. ఫైలు వ్యవస్థతో ఫార్మాట్ చేయవలెను.
* ఆఫ్‌లైన్: కుడి మీట నొక్కి ఆన్‌లైన్‌గా మార్చవలెను.
* విభజన ఉండి అక్షరం లేకపోవడం: వాడుకలో లేని ఒక డ్రైవు అక్షరం ఇవ్వవలెను.
* రా: విండోస్‌కు తెలియని లేదా దెబ్బతిన్న ఫైలు వ్యవస్థ. ఇంతకుముందు వాడిన డిస్కు అయితే ఫార్మాట్ చేయరాదు.

ఇనిషియలైజ్ చేయునప్పుడు ఎం.బి.ఆర్., జి.పి.టి.లలో ఒకటి ఎంచుకొనమని విండోస్ అడుగుతుంది. 2 టెరాబైట్లకు మించిన డిస్కులకు జి.పి.టి. తప్పనిసరి. విండోస్ ఎక్స్‌పి. 32 బిట్ల సంచిక జి.పి.టి. డిస్కులను చదవలేదు. ఆ యంత్రాలలోనూ వాడవలసిన చిన్న డిస్కుకు ఎం.బి.ఆర్. తగినది. జి.పి.టి. డిస్కు నుండి విండోస్ మొదలు కావలెనంటే మదర్‌బోర్డులో యు.ఇ.ఎఫ్.ఐ. ఉండవలెను.

లినక్స్

లినక్స్‌లో డిస్కులు ఎస్‌డిఎ, ఎస్‌డిబి వంటి పేర్లతో కనిపిస్తాయి. జిపార్టెడ్ అను ఉచిత ఉపకరణంతో వాటిని చూచి విభజించవచ్చును. ఈ పేర్లు కంప్యూటరు మొదలైన ప్రతిసారీ ఒకేలా ఉంటాయన్న నమ్మకం లేదు. అందుచేత పేరును కాక, మోడలు సంఖ్యను, పరిమాణాన్ని సరిచూసుకొనవలెను. విండోస్ మొదలుకాని సమయంలో డిస్కు బాగున్నదో లేదో తెలుసుకొనుటకు పెన్ డ్రైవు నుండి నడిచే లైవ్ లినక్స్ చక్కగా ఉపయోగపడుతుంది.

స్థాపన సమయంలో కనిపించకపోవడం

విండోస్ ఎక్స్‌పి. స్థాపన సీడీలో ఎ.హెచ్.సి.ఐ. డ్రైవరు లేదు. ఆ రోజులలో స్థాపన మొదట్లో ఎఫ్6 మీట నొక్కి ఫ్లాపీ ద్వారా డ్రైవరును అందించేవారు. ఫ్లాపీలు పోయినా సమస్య పూర్తిగా పోలేదు. కొన్ని కొత్త ఇంటెల్ యంత్రాలలో వి.ఎం.డి. అను అమరిక అమలులో ఉంటే విండోస్ స్థాపనలో ఎన్.వి.ఎం.ఇ. డిస్కు కనిపించదు. "లోడ్ డ్రైవర్" ద్వారా తయారీదారు ఇచ్చే ఇంటెల్ డ్రైవరును అందించడం దీనికి పరిష్కారం.

బయటి డిస్కులు

యు.ఎస్.బి. ద్వారా తగిలించే డిస్కులు కనిపించకపోవుటకు తరచుగా తక్కువ విద్యుత్తే కారణం. యు.ఎస్.బి. 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లను, 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లను ఇవ్వవలెనని ప్రమాణం. మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో డిస్కుకు ఇంతకంటే ఎక్కువ అవసరం కావచ్చును. పొట్టి తీగను వాడడం, డెస్క్‌టాపు వెనుక భాగంలోని పోర్టుకు నేరుగా తగిలించడం, సొంత అడాప్టరు గల యు.ఎస్.బి. హబ్ వాడడం వలన సమస్య తీరుతుంది.

పరిమాణం తక్కువగా కనిపించడం

500 గిగాబైట్ల డిస్కు విండోస్‌లో సుమారు 465గా, 1 టెరాబైటు డిస్కు సుమారు 931 గిగాబైట్లుగా కనిపించడం లోపం కాదు. తయారీదారులు గిగాబైటును 100 కోట్ల బైట్లుగా లెక్కిస్తారు. విండోస్ 1024 × 1024 × 1024 బైట్లను ఒక గిగాబైటుగా చూపిస్తుంది.

ఖమ్మం - భద్రాచలం అటవీ ప్రాంతంలో

ఖమ్మం పట్టణం నుండి భద్రాచలానికి రోడ్డు మార్గం సుమారు 120 కి.మీ. రైలులో వచ్చేవారికి భద్రాచలం రోడ్ స్టేషను కొత్తగూడెంలో ఉన్నది. అక్కడి నుండి సుమారు 40 కి.మీ. రోడ్డుపై వెళ్ళవలెను. భద్రాచలం దాటితే దుమ్ముగూడెం, చర్ల వంటి అటవీ మండలాలు, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం, చింతూరు వంటి మండలాలు, ఆపైన ఛత్తీస్‌గఢ్, ఒడిషా సరిహద్దులు వస్తాయి. ఇక్కడి గ్రామానికి సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి పెద్ద విపణి నుండి తెచ్చిన డిస్కును మార్చుకొనవలెనంటే రానుపోను రెండు రోజుల పని. పది రూపాయలు, ఇరవై రూపాయల తేడాతో లభించే తీగ కొరకు ఆ ప్రయాణం చేయవలసి రావడం భారమే. అందువలన డిస్కుతో పాటు అదనంగా ఒక సాటా తీగ, ఒక విద్యుత్తు అడాప్టరు, లైవ్ లినక్స్ ఎక్కించిన ఒక పెన్ డ్రైవు కొని తెచ్చుకొనడం ఉపయోగకరం.

ఈ ప్రాంతపు వాతావరణం, విద్యుత్తు పరిస్థితులు కూడా డిస్కుపై ప్రభావం చూపుతాయి.

* తేమ: వర్షాకాలంలో గాలిలో తేమ ఎక్కువ. చల్లని ఎ.సి. గది నుండి లేదా ఎ.సి. బస్సు నుండి తెచ్చిన డిస్కును వెంటనే వాడితే దానిపై నీటి ఆవిరి చేరవచ్చును. సంచిలోనే ఉంచి, కొన్ని గంటలు గది ఉష్ణోగ్రతకు రానిచ్చిన తరువాత అమర్చవలెను. తేమ వలన పాత తీగల కొనలకు చిలుము పట్టడం కూడా కద్దు.
* వేడి: ఎండాకాలంలో ఇక్కడ 45 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులుంటాయి. చాలా హార్డ్ డిస్కులకు గరిష్ఠ ఉష్ణోగ్రత 60 డిగ్రీలుగా తయారీదారులు నిర్ణయిస్తారు. గాలి ఆడని పెట్టెలో ఈ హద్దు దగ్గరవుతుంది.
* విద్యుత్తు: పాల్వంచలో కొత్తగూడెం తాపవిద్యుత్ కేంద్రం ఉన్నప్పటికీ, అడవి గుండా సాగే పంపిణీ తీగలపై గాలివానకు కొమ్మలు పడి సరఫరా ఆగుతుంది. వోల్టేజి పడిపోయినప్పుడు బలహీనమైన ఎస్.ఎం.పి.ఎస్. రెండవ డిస్కును తిప్పలేకపోవచ్చును. పాత డిస్కును తాత్కాలికంగా విడదీసి కొత్తదానిని మాత్రమే తగిలిస్తే ఈ సంగతి బయటపడుతుంది.
* కుదుపులు: ఘాట్ రోడ్లపై, గుంతల దారులలో ప్రయాణించే డిస్కును తయారీదారు ఇచ్చిన మెత్తని పెట్టెలోనే ఉంచవలెను.
* వరదలు: భద్రాచలం వద్ద గోదావరి 43, 48, 53 అడుగులకు చేరినప్పుడు వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలు జారీ చేస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71 అడుగులకు పైగా నీటిమట్టం నమోదైంది. అటువంటి సమయాలలో రోడ్లు తెగిపోతాయి. దత్తాంశపు రెండవ నకలును నది ఒడ్డుకు దూరంగా, ఎత్తైన చోట లేదా వేరొక ఊరిలో ఉంచడం మంచిది. నీటిలో మునిగిన డిస్కుకు విద్యుత్తు ఇచ్చి చూడరాదు.

దత్తాంశ నష్టం

కొత్త డిస్కు కనిపించకపోవడం వలన జరిగే నష్టం స్వల్పం. దానిని కనిపింపజేసే తొందరలో పాత డిస్కును ఫార్మాట్ చేయడం వలన జరిగే నష్టం పెద్దది. ఫోటో స్టూడియోలోని పెళ్ళి చిత్రాలు, డి.టి.పి. కేంద్రంలోని పుస్తకాల ప్రతులు, పాఠశాల మార్కుల పట్టికలు, పరిశోధకులు గూడేలలో సేకరించిన కోయ భాషా పాటల రికార్డింగులు వంటివి ఒకసారి చెరిగితే మళ్ళీ దొరకకపోవచ్చును. రెండు డిస్కుల పరిమాణం ఒకటే అయినప్పుడు ఈ పొరపాటు సులభంగా జరుగుతుంది. విభజించే సమయంలో పాత డిస్కు తీగను విడదీసి ఉంచడం అన్నిటికంటే క్షేమకరమైన పద్ధతి. విండోస్ పాత డిస్కులోనే ఉంటే ఇది వీలుకాదు. లైవ్ లినక్స్‌తో పని చేయడం అప్పుడు అనుకూలం.

పొరపాటున ఫార్మాట్ అయితే ఆ డిస్కుపై ఇంకేమీ వ్రాయక వెంటనే ఆపివేయవలెను. త్వరిత ఫార్మాట్‌లో పట్టిక మాత్రమే మారుతుంది. హార్డ్ డిస్కులో ఫైళ్ళు చాలావరకు అలాగే ఉంటాయి కనుక టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ వంటి ఉచిత ఉపకరణాలతో తిరిగి పొందే అవకాశం కలదు. ఎస్.ఎస్.డి.లలో ఖాళీ అయిన గడులను పరికరమే తుడిచివేస్తుంది కనుక ఈ అవకాశం చాలా తక్కువ.

నిజంగా పాడైన డిస్కు గుర్తులు

* వేర్వేరు తీగలు, పోర్టులు, మరొక కంప్యూటరుతో ప్రయత్నించినా బయాస్‌లో కనిపించకపోవడం.
* టిక్కు టిక్కుమని క్రమంగా శబ్దం రావడం లేదా కీచుమని అరవడం.
* బయాస్‌లో మోడలు పేరు స్థానంలో అర్థంలేని అక్షరాలు, సున్నా పరిమాణం కనిపించడం.
* డిస్కు తన స్థితిని తానే నమోదు చేసుకొనే స్మార్ట్ నివేదికలో తిరిగి కేటాయించిన సెక్టార్ల సంఖ్య పెరుగుతూ పోవడం.

వీటిలో ఏదైనా ఉంటే డిస్కును వారంటీ క్రింద మార్చుకొనవలెను. బిల్లు, పెట్టె, డిస్కుపై గల క్రమసంఖ్య భద్రంగా ఉండవలెను. తయారీదారుల వెబ్‌సైటులో క్రమసంఖ్య ఇచ్చి వారంటీ గడువును ముందుగానే తెలుసుకోవచ్చును. డిస్కు మూతను విప్పితే వారంటీ రద్దవుతుంది. లోపలికి చేరిన దుమ్ము కణాలు పళ్ళేలను పాడుచేస్తాయి. ఏ ఏ పరీక్షలు చేసినదీ, ఏ దశలో డిస్కు ఆగినదీ ఒక కాగితంపై వ్రాసి దుకాణదారుకు ఇస్తే అదే పరీక్షలు మళ్ళీ చేయవలసిన అవసరం ఉండదు.

ఇవి కూడా చూడండి

* హార్డ్ డిస్కు
* మదర్‌బోర్డు
* ఆపరేటింగు సిస్టము
* లినక్స్
* భద్రాచలం